మడత చాకు: ఇరుసు దగ్గర ఇరుక్కుపోయాను

మా నాయనమ్మ మొలలో ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. అడ్డపొగ అలవాటు ఆవిడకి, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. పొగాకు ఈనె తియ్యాలన్నా, చుట్ట చివర కొయ్యాలన్నా అదే. బొటనవేలితో అలా నెట్టేదంతే, చప్పుడు లేకుండా అలుగు బయటికొచ్చేది. ఆవిడ పోయాక ఆ చాకు ఎటు పోయిందో తెలీదు. కిందటేడు అలాంటిది నా చేత్తో ఒకటి చేసుకోవాలని బుద్ధి పుట్టింది. వారం పని అనుకున్నాను, నాలుగు నెలలు పట్టింది. అలుగుకి పట్టింది మూడు వారాలే, మిగతాదంతా ఇరుసు తినేసింది.

ఈ చాకులో స్ప్రింగు ఉండదు. మంగలి కత్తికున్నట్టే అలుగు వెనక చిన్న తోక ఉంటుంది. తెరిచాక ఆ తోక పిడి వీపు మీద ఆనుతుంది, గుప్పిట బిగిస్తే ఇక మూసుకోదు. ఇరుసు వదులైతే జేబులోనే తెరుచుకుంటుంది, బిగుసుకుంటే గోరు విరుగుతుంది.

ముందు అట్టముక్కలతో అలుగు, పిడి కత్తిరించి, గుండుసూది గుచ్చి తిప్పి చూశాను. మూసినప్పుడు ముక్కు బయటికి పొడుచుకొస్తోందా లేదా అన్నది అట్ట మీదే తేలిపోతుంది. నాకు ఐదో అట్టకి కుదిరింది.

ఉక్కు పాత లారీ కమాను పట్టా. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో కమ్మరి మావయ్య దాన్ని కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగగొట్టి 4 మిల్లీమీటర్ల మందానికి తెచ్చిచ్చాడు. అక్కణ్ణించి రెండున్నరకి ఆకురాయితో నేనే దించాను. పిడికి పనస చెక్క. గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లని అడిగితే వీణకి పనికిరాని ముక్క ఒకటి ఇచ్చారు.

అలుగుకి బెజ్జం ముందే వేసుకోవాలి, గట్టిపడ్డాక వెయ్యలేం. డ్రిల్ మెషీను చేత్తో పట్టుకుని వేసేశాను. కంటికి నిలువుగానే ఉంది. తర్వాత కొలిమిలో కాల్చాం. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కుకి అయస్కాంతం అంటడం మానేస్తుంది. అది దాటాక ఇంకాస్త కాచి, గోరువెచ్చటి వేరుశనగ నూనెలో ముంచాం. ఆకురాయి పెడితే పట్టకుండా జారిపోయింది, అంటే గట్టిపడినట్టే. కానీ అప్పుడది గాజులాంటి పెళుసు. అందుకని విజయనగరం ఇంటికి తెచ్చి, కేకుల ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర 2 గంటల చొప్పున రెండుసార్లు పెట్టాను. అలుగు లేత గడ్డి రంగు తిరిగింది. ఇల్లంతా మాడిన నూనె వాసన. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

తీరా బిగిస్తే ముక్కు ఎడమ చెక్కకి రాసుకుంటోంది. బెజ్జం దగ్గర వెంట్రుకవాసి వంకర, 7 సెంటీమీటర్ల అవతల ముక్కు దగ్గర మిల్లీమీటరైంది. సరిచేద్దామని మళ్లీ డ్రిల్ పెడితే బిట్టు కీచుమని మొద్దుబారిపోయింది. అలుగు మూలన పడింది.

రెండో అలుగుకి బుద్ధిగా లేత్ షాపుకెళ్లాను. రెండు చెక్కలూ అలుగూ కలిపి క్లాంపుతో బిగించి, స్టాండు డ్రిల్లు మీద మూడింటికీ ఒకేసారి 3.9 మిల్లీమీటర్ల బెజ్జం వేయించి, బెజ్జాన్ని సరిగ్గా కొలతకి నునుపు చేసే 4 మిల్లీమీటర్ల రీమర్ తిప్పించాను. ఇక ఇరుసుగా ఉండే సీల. దాని కొసల్ని సుత్తితో కొట్టి తలగా పరవాలి. సెంటిమెంటుగా ఉంటుందని నాయనమ్మ కాలంనాటి విరిగిన కంచు గరిటె కాడ అరగదీసి పెట్టాను. నాలుగు దెబ్బలకే తల చీలిపోయింది. తగరం ఎక్కువున్న కంచు మోగుతుంది గానీ సుత్తి దెబ్బకి సాగదు. ఇత్తడి కడ్డీ తెచ్చి ఈసారి కసిగా కొట్టాను. అలుగు కదిలితే ఒట్టు.

తలని అరగదీసి, సీల ఊడగొట్టుకుని మావయ్య దగ్గరికెళ్లాను. చూసి నవ్వాడు. "అడకత్తెరకి సీల ఎలగ కొడతామో అలగే కొట్టాల బావూ. నువ్వు బల్లకి మేకు కొట్టినట్టు కొట్టీసినావు."

న్యూస్ పేపరు చింపి నూనెలో తడిపాడు. అలుగుకీ ఇత్తడి వాషర్లకీ మధ్య అటొకటి ఇటొకటి దూర్చాడు. చెక్క పగలకుండా పిడి బయట కూడా వాషర్లు పెట్టాడు. గుండు సుత్తితో సీల మధ్యలో కాదు, అంచు చుట్టూ, గింజలు ఏరుకుంటున్న కోడిలా చిన్న చిన్న దెబ్బలు. పది దెబ్బలకోసారి అలుగు తెరిచి మూస్తాడు, సీల తిప్పి రెండో వైపు కొడతాడు. తల పుట్టగొడుగులా పరుచుకున్నాక కాగితం లాగేసి, కిరసనాయిలుతో కడిగి, ఒక చుక్క మిషను నూనె వేశాడు. ఆ కాగితం మందమే అలుగు తిరగడానికి కావలసిన చోటు. ముందు బిగుతుగానే తిరిగింది. టీవీ చూస్తూ రెండు రోజులు తెరిచి మూస్తూ ఉంటే అలుగు, వాషర్లు ఒకదానికొకటి అరిగి నునుపు తేలాయి. నాయనమ్మ చాకులాగే బొటనవేలికి లొంగింది.

శ్రావణం ముసురు పట్టగానే మళ్లీ బిగుసుకుంది. పనస చెక్క తేమ తాగి ఉబ్బి, అలుగుని రెండు వైపులా నొక్కుతోంది. పిడి లోపల ఇత్తడి రేకు వేసుంటే కొంత నయమేనట. మావయ్య ఇప్పుడు చెప్పాడు. ప్రస్తుతానికి చాకు బియ్యం డబ్బాలో ఆరుతోంది.