ఎకో రోజు

ఐదింటికే మెలకువ వచ్చేసింది. పాపకి ఎకో, అదే గుండె స్కానింగ్, ఉన్న రోజు నాకు అలారం అక్కర్లేదు. పాప మాత్రం ఏడున్నర దాకా పడుకుని, లేస్తూనే "ఈ పొద్దు చల్ల జిగురు పూస్తారా మా?" అని అడిగింది. దానికి ఎకో అంటే అదే, ఎద మీద పూసే జెల్. మూడున్నరేళ్ల పిల్లకి ఇది ఆరోసారి.

తిరుపతిలో మా కొర్లగుంట నుంచి ఆటోలో బయల్దేరాం, నేను, పాప, అమ్మ. లీలామహల్ సర్కిల్ దగ్గర ఎప్పటిలాగే ఇరుక్కుపోయాం. అమ్మ కొండవైపు తిరిగి దణ్ణం పెడుతూనే ఉంది. గుండె నాళంలో ఉబ్బు పూర్తిగా పోయినాకే పాపకి గుండు కొట్టిస్తానని స్వామితోనే బేరం పెట్టుకుని కూర్చుంది ఆమె. మేం వెళ్తున్నది టీటీడీ వాళ్ల ఎముకల ఆసుపత్రి బిర్డ్ ఆవరణలో ఉన్న చిన్నపిల్లల గుండె ఆసుపత్రికి. అది 2021లో తెరిచినప్పుడు పేపర్లో చూసి, మనకెందుకులే అని పేజీ తిప్పేసింది నేనే.

పోయినేడు సంక్రాంతి అయిన వారానికి జ్వరం మొదలైంది. వీధి చివర క్లినిక్‌లో వైరల్ అన్నారు, రెండు రోజులకి ఒళ్లంతా దద్దు వస్తే తట్టేమో అన్నారు, ఆ తర్వాత యాంటీబయాటిక్ మార్చారు. ఐదు రోజులైనా 103 దిగలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ పుసి లేదు, పెదాలు పగిలి రక్తం కారుతున్నాయి, నాలుక ఎర్రగా పొక్కులు పొక్కులుగా ఉంది. ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను, విడివిడిగా. అన్నిటినీ ఒకచోట చేర్చి చూసింది వేరే ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఆమె ముందుగా పాప ఎడమ భుజం చూసింది. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా మచ్చ మళ్లీ ఎర్రగా లేచి ఉంది. నేను దోమ కుట్టిందేమో అనుకుని కొబ్బరినూనె రాశాను! ఆ మాట ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గుగా ఉంటుంది.

కవాసాకి జబ్బు అంది. మా అమ్మ "మీ నాయన బండి పేరు కదమ్మా అది" అంది, ఆ టెన్షన్‌లోనూ నాకు నవ్వొచ్చింది. తొమిసాకు కవాసాకి అనే జపాన్ పిల్లల డాక్టరు 1961లో ఒక నాలుగేళ్ల బాబులో మొదట గమనించి, ఇలాంటి పిల్లలు యాభై మంది పోగయ్యాక 1967లో రాశాడట. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. ఒళ్లంతా రక్తనాళాల గోడలు వాచిపోతాయి, అందులో గుండెకి రక్తమిచ్చే కరోనరీ నాళాలు దెబ్బతింటేనే అసలు ప్రమాదం. మందు ఇవ్వకపోతే నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి అక్కడ ఉబ్బు వస్తుంది, దాన్నే అన్యూరిజం అంటారు. పది రోజుల లోపు ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఎక్కిస్తే ఆ లెక్క బాగా పడిపోతుంది. కిలోకి రెండు గ్రాములు. పాప అప్పుడు పన్నెండు కిలోలు, అంటే ఇరవైనాలుగు గ్రాములు. నా గాజులు కుదువకి వెళ్లాయి. తొమ్మిదో రోజు రాత్రంతా ఆ సీసాలు ఒకదాని తర్వాత ఒకటి చుక్క చుక్కగా ఎక్కాయి. తెల్లారేసరికి జ్వరం దిగింది. కానీ ఉబ్బు అప్పటికే వచ్చేసింది. గుండె ముందువైపు దిగే ఎడమ నాళంలో 3.4 మిల్లీమీటర్లు, ఆ వయసుకి రెండుకి అటూ ఇటూగా ఉండాల్సింది. మూడో వారంలో వేళ్ల చివర్ల తోలు ఊడి వచ్చింది, వేరుశనగ పొట్టులాగా.

ఈ రోజు పాప కదలకుండా పడుకుంది, ఫోన్‌లో బొమ్మలు పెట్టినందుకు. డాక్టరు తెరమీద నల్లటి చిన్న గొట్టానికి ఇటు ఒక ప్లస్ గుర్తు, అటు ఒక ప్లస్ గుర్తు పెట్టాడు. మధ్యలో చుక్కల గీత. మళ్లీ తీసేసి మళ్లీ పెట్టాడు. మూడోసారి పెట్టేసరికి నేను ఊపిరి బిగబట్టానని నాకే తెలిసింది. 2.3.

"లోపలి దారి మామూలు కొలతకి వచ్చేసింది, కానీ గోడ పూర్తిగా మునుపటిలాగా ఉండదమ్మా" అన్నాడు. రక్తం గడ్డ కట్టకుండా రోజూ వేసే ఆస్పిరిన్ ఇప్పుడే ఆపొద్దన్నాడు. ఫ్లూ టీకా ఏటా వేయించాలి, ఆటలమ్మ గానీ ఫ్లూ గానీ వస్తే వెంటనే ఫోన్ చేయాలి, ఆస్పిరిన్ మీదున్న పిల్లలకి ఆ రెండూ చేటు. నొప్పులకి ఐబుప్రొఫెన్ వేయకూడదు, అది ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. పెద్దయ్యాక ఒక సీటీ యాంజియో తీయాలేమో అన్నాడు. నేను తలాడిస్తూనే ఉన్నాను, చెవుల్లో మాత్రం 2.3 ఒకటే మోగుతోంది.

బయట టీ బంకు దగ్గర బంగారుపాళ్యం వైపు మామిడి రైతు ఒకాయన, కొడుకుతో వచ్చినాడు. మణికట్టు మీద పెద్ద బ్యాండేజి, యాంజియోగ్రామ్ అయిందట. కుడి నాళంలో ఉబ్బు, పక్కనున్న మామూలు చోటికన్నా ఒకటిన్నర రెట్లు దాటిందట. పెద్దవాళ్లకి ఎక్కువగా కొవ్వు పేరుకోవడం వల్లే వస్తుంది, అది కూడా వేరే దేనికో యాంజియో చేస్తే కనబడుతుంది. ఇప్పటికి రక్తం పలచబరిచే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్ర, బీడీ మానేయడం. పెరిగితే పైన పొర తొడిగిన స్టెంటో, బైపాస్ చేసి ఉబ్బును మూసేయడమో చూస్తామన్నారని కొడుకు చెప్పాడు. నేను "పగిలిపోతుందని భయం వేయలేదా పెద్దాయనా?" అన్నాను. మొదట్లో నాకున్న భయం అదే మరి.

"పగలడం తక్కువేనంట పాపా. కాలవ ఒకచోట మడుగైతే నీళ్లు యాడ నిలబడతాయో ఆడ పాచి పట్టదా, ఇదీ అంతే. నెత్తురు ఆడ తిరగలాడి గడ్డ కడతాదంట, ఆ గడ్డ పోయి ముందర అడ్డం పడతాదంట" అన్నాడు. ఏడాదిగా నేను ఇంటర్నెట్‌లో చదివి చదివి మా ఆయనకి చెప్పలేకపోయింది ఈయన టీ గ్లాసు పట్టుకుని చెప్పేశాడు. పాప ఆయన బ్యాండేజి చూసి "తాతకి కూడా జిగురు పూసినారా?" అంది.

ఇంటికొచ్చాక అమ్మ గుండు ఎప్పుడని పంచాంగం తీసింది. గోడ ఇంకా మామూలు కాలేదంట అని చెబితే "కొలత వచ్చింది కదా, స్వామికి అది చాలు" అంది. వాదించలేదు.

రాత్రి ఆస్పిరిన్ మాత్ర సగం చేయబోతే ముక్కలు ముక్కలైంది. బ్లేడు మొద్దుబారింది, రేపు కొత్తది తెమ్మని ఆయనకి చెప్పాలి.