రెస్తెలోలో మతతెవు కోసం

లిస్బన్‌లో 15ఇ ట్రామ్ ఎక్కితే నది పక్కగా బెలేం చేరుస్తుంది. అక్కడ దిగేవాళ్లలో ఎక్కువమంది జెరోనిమోస్ మఠంలో వాస్కో డ గామా సమాధి చూసి, కస్టర్డ్ నింపిన పాస్తెల్ కోసం క్యూ కడతారు. నేనూ ఆ రెండూ చేశాను. వేడి వేడి పాస్తెల్ మీద దాల్చినచెక్క పొడి చల్లుకుని తింటే ఎంత బాగుందో! కానీ నేను వచ్చింది మఠం వెనక, ఎత్తు మీదున్న రెస్తెలో స్టేడియం కోసం. బెలెనెన్సెస్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం అది, ఫుట్‌బాల్ ఆటగాడు మతతెవు ఆడిన చోటు.

అసలు పేరు సెబస్టియావ్ లూకాస్ ద ఫొన్సెకా. 1927లో మొజాంబిక్‌లోని లొరెన్సో మార్కెస్‌లో, అంటే ఇప్పటి మపుటోలో పుట్టాడు. 1951లో ఈ బెలెనెన్సెస్ క్లబ్బులో చేరాడు. అదే ఊరి నుంచి పోర్చుగల్ ఫుట్‌బాల్ స్టార్ యుసేబియో లిస్బన్ వచ్చింది 1960 చివర్లో. యుసేబియో మనవాళ్లకీ తెలుసు. అంతకు తొమ్మిదేళ్ల ముందే వచ్చి లిస్బన్‌ను ఊపేసినవాడి పేరు మాత్రం మన దగ్గర ఎవరూ ఎత్తరు. అది నాకు బాధగానే ఉంటుంది.

1952-53లో 29 గోల్స్, 1954-55లో 32. రెండుసార్లూ లీగ్‌లో టాప్ స్కోరర్ అతనే. అప్పట్లో సీజన్‌కి 26 మ్యాచ్‌లే! జనం అతన్ని ప్రపంచపు ఎనిమిదో వింత అన్నారు.

1955 ఏప్రిల్ నాటి చివరి మ్యాచ్ తలచుకుంటే నాకిప్పటికీ టెన్షనే. అది జరిగింది పాత మైదానం సలేసియాస్‌లో. రెస్తెలో తెరిచింది ఆ మరుసటి ఏడాది. గెలిస్తే లీగ్ టైటిల్ బెలెనెన్సెస్‌దే. లిస్బన్‌లోని మరో క్లబ్బు స్పోర్టింగ్ మీద 2-1 ఆధిక్యం, ఆట ముగియడానికి ఇంకో నాలుగు నిమిషాలు. అంతలో స్పోర్టింగ్ గోల్ కొట్టి 2-2 చేసింది. లిస్బన్‌దే అయిన ఇంకో క్లబ్బు బెన్ఫికాతో పాయింట్లు సమానమైనా టైటిల్ ఆ క్లబ్బుకే పోయింది. 1945-46లో గెలిచిన ఆ ఒక్క లీగ్ టైటిలే ఇప్పటికీ బెలెనెన్సెస్‌కి మిగిలింది. 1960లో మతతెవు ఉన్న జట్టు పోర్చుగల్ కప్ గెలిచింది, అదీ స్పోర్టింగ్ మీదే. అయినా ఆ నాలుగు నిమిషాల లోటు తీరిందని నేననుకోను.

తమ్ముడు విసెంటె కూడా ఇదే క్లబ్బు. 1966 ప్రపంచ కప్‌లో పెలేని కాపు కాసిన డిఫెండర్ ఇతనే.

పై వరుసలో కూర్చుంటే టేగస్ నది కనిపిస్తుంది. 1497లో గామా ఓడలు బయల్దేరిన తీరం పేరూ రెస్తెలోనే. మొజాంబిక్ మీదుగా మన కోళికోడ్ చేరిన ఓడలవి. వాటి తెరచాపల మీది శిలువే క్లబ్బు చిహ్నంలోనూ ఉంటుంది. ఆ చిహ్నాన్ని గుండెల మీద పెట్టుకుని మొజాంబిక్ కుర్రాడు పదమూడు సీజన్లు ఆడాడు. గామా సమాధి దగ్గర తీసిన ఫొటోల కన్నా ఈ ఖాళీ మైదానం ఫొటోలే నా దగ్గర ఎక్కువున్నాయి.

నలభై దాటినా మతతెవు ఆట మానలేదు. కెనడాలో స్థిరపడి, 2000లో అక్కడే కన్నుమూశాడు. బెలెనెన్సెస్ 2018లో పోర్చుగల్ ఫుట్‌బాల్ ఆరో శ్రేణి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. బెలేం వెళ్లేవాళ్లు వీలైతే మ్యాచ్ ఉన్న రోజే వెళ్లండి. మఠం నుంచి పైకి నడవడమే, కాస్త ఎక్కుడు ఉంటుంది.