గాలి ఏ వైపు నుంచి వచ్చిందో రాసుకున్న ఏడాది

సివిల్స్‌కు చదువుతూ భూగోళ శాస్త్రంలో వాతావరణం అధ్యాయం దగ్గర ఆగిపోయినవారి కోసం ఇది రాస్తున్నాను. నేనూ అక్కడే ఆగిపోయాను. ఉష్ణం, ఆర్ద్రత, పీడనం, పవనాలు అని నాలుగు పాఠాలు, నాలుగు నోట్సులు. ఒక్కో నోట్సు విడిగా అడిగితే అప్పజెప్పగలను. 2023 మేలో మొదటిసారి ప్రిలిమ్స్ రాసినప్పుడు రెండు పాఠాలను కలిపి అడిగితే కలం ఆగిపోతుందని తెలిసింది. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోసే పరీక్షలో సగం తెలిసిన అధ్యాయం అసలు తెలియనిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. తెలియనిదాన్ని వదిలేస్తాం. సగం తెలిసినదానికి ధైర్యంగా ఏదో ఒక జవాబు గుర్తిస్తాం.

ఆ జూన్‌లో చెన్నైలో కోడంబాక్కం దగ్గర గది తీసుకున్నాను. కింది ఇంట్లో నెల్లూరు నుంచి వచ్చి ఏళ్ల తరబడి మెస్ నడుపుతున్న అక్క ఉండేది. మేడ మీద ఆమె వడియాలు పెడుతుంటే నేను పుస్తకం పట్టుకుని నీడలో కూర్చునేవాణ్ని. ఒక రోజు ఆమె ఆకాశం వైపు చూడకుండానే, "ఇవాళ పడమటి గాలి బాబూ, సాయంత్రానికే గలగలలాడతాయి" అంది. నాలుగు రోజుల తర్వాత అదే పిండి, అదే ఎండ. మధ్యాహ్నానికి వడియం అంచు ఎండింది గానీ మధ్యలో వేలు పెడితే మెత్తగా దిగింది. "సముద్రపు గాలి పెందలాడే వచ్చేసింది, రేపు మళ్లీ ఎండబెట్టాలి" అని చాప మడిచింది. నా నాలుగు నోట్సులూ ఆమె ఒక్క మాటలో కలిసిపోయాయి.

ఆ రాత్రి నుంచి ఒక చిన్న నోటుబుక్కులో రోజుకు నాలుగు గడులు రాయడం మొదలుపెట్టాను. సముద్రపు గాలి ఎన్నింటికి వచ్చింది, అంతకు ముందు గాలి ఏ వైపు నుంచి వీచింది, ఉష్ణోగ్రత ఎంత, తేమ ఎంత. రెండు నిమిషాల పని. నా ప్రిపరేషన్‌లో ఇంతకంటే ఫలితమిచ్చిన రెండు నిమిషాలు లేవు.

వడియం దగ్గరి నుంచే చెబుతాను. నీటి విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన వేడి, నేల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. పైగా ఎండ నీటి లోపలికి దిగుతుంది, అలలు దాన్ని కలియబెడతాయి. అందుకే పదింటికి మేడ కాలిపోతున్నా సముద్రం ఉదయం ఎలా ఉందో అలాగే ఉంటుంది. నేల మీది గాలి వేడెక్కి వ్యాకోచించి పైకి లేస్తుంది, నేల దగ్గర పీడనం కొద్దిగా తగ్గుతుంది, సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది. చెన్నైలో మామూలుగా ఇది మధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూగా జరుగుతుంది. కానీ మే చివర, జూన్‌లో పడమటి గాలులు బలపడి సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే నిలబెడతాయి. అది రెండింటికో మూడింటికో గాని లోపలికి రాలేని రోజు నగరం నలభై డిగ్రీలు దాటుతుంది. చెన్నైలోని నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదైంది 2003 మే 31న, సరిగ్గా ఈ కాలంలోనే.

ఆ పడమటి గాలి ఎందుకంత పొడిగా ఉంటుంది? ఇక్కడే స్థిరోష్ణక మార్పు (బయటి వేడితో పని లేకుండా గాలి పైకి లేస్తే చల్లబడటం, దిగితే వేడెక్కడం) పాఠం ప్రాణం పోసుకుంటుంది. పొడి గాలి పైకి లేస్తే కిలోమీటరుకు దాదాపు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరి నీరుగా మారుతున్న గాలి మాత్రం అంత చల్లబడదు, ఎందుకంటే ఆవిరిలో దాగిన గుప్తోష్ణం బయటకు వచ్చి దాన్ని వెచ్చబరుస్తుంటుంది. నైరుతి గాలి కేరళ వైపు పడమటి కనుమలు ఎక్కుతూ వాన కురిపించి, ఇటు దిగేటప్పుడు పొడి గాలి లెక్కన వేడెక్కుతుంది. ఎక్కేటప్పుడు చల్లబడినదానికంటే దిగేటప్పుడు వేడెక్కేది ఎక్కువ. తేమ అవతలే దిగిపోయింది, వేడి ఇవతల మిగిలింది. మన వడియాలను ఎండబెట్టింది ఆ మిగిలిన గాలే. ఇది అర్థమైతే వర్షచ్ఛాయా ప్రాంతం (కొండల అవతల వాన తక్కువ పడే వైపు) అనే మాటను విడిగా బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఆర్ద్రత దగ్గర చాలామంది పడే గుంట సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి పట్టుకోగల ఆవిరిలో ఇప్పుడు ఉన్నది ఎంత శాతమో చెప్పే అంకె. దానికి ఒక లెక్క చేయండి. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టుకోగల ఆవిరి సుమారు 30 గ్రాములు, 20 డిగ్రీల దగ్గర సుమారు 17. ఇప్పుడు 30 డిగ్రీల గాలిలో 17 గ్రాముల ఆవిరి ఉందనుకోండి. సాపేక్ష ఆర్ద్రత 57 శాతం దగ్గర ఉంటుంది. ఒక్క చుక్క ఆవిరి కలపకుండా అదే గాలిని 20 డిగ్రీలకు చల్లబరిస్తే నూరు శాతం. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమట పట్టేది ఇందుకే. గ్లాసును ఆనుకున్న పలచటి గాలి పొర తుషార స్థానం (ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) దాటి చల్లబడింది. తెల్లవారుజామున తేమ శాతం ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా కనిపించినంత మాత్రాన ఆవిరి ఎటో పోయిందని కాదు, గాలి పట్టుకోగల శక్తి పెరిగిందని అర్థం.

ఇంకో గుంట. ఉక్కపోతగా ఉన్న రోజు "గాలి బరువుగా ఉంది" అంటాం. నిజానికి తేమ గాలి పొడి గాలి కంటే తేలిక. నీటి ఆవిరి అణుభారం 18, పొడి గాలి సగటు 29. ఆవిరి చేరిన మేరకు బరువైన అణువుల చోట తేలిక అణువులు కూర్చుంటాయి. మనకు బరువనిపించేది ఒంటి మీద ఆరని చెమట. ఈ ఒక్క విషయం పట్టుకుంటే తేమ, వెచ్చదనం రెండూ ఉన్న సముద్రం మీద అల్పపీడనం ఎందుకు బలపడుతుందో కొంత అర్థమైనట్టే.

పీడనం పాఠం నాకు ఫోను నేర్పింది. కొన్ని ఫోన్లలో పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది, మీ ఫోనులో ఉందేమో చూడండి. మొదటి వారం సాయంత్రం నాలుగు ప్రాంతంలో అంకె పడిపోవడం చూసి అల్పపీడనం వస్తోందేమోనని కంగారుపడ్డాను. మరునాడూ అదే సమయానికి పడింది, ఆ మరునాడూ అంతే. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండు సార్లు, ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో పెరిగి, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. సూర్యుడి వేడి వల్ల వాతావరణంలో పుట్టే ఆటుపోటు అది. తుపాను లెక్క వేసేవారు ముందు ఈ రోజువారీ ఊపును తీసేసి చూడాలి. అలాగే బెంగళూరు వెళ్లే రైల్లో ఫోను చూస్తూ కూర్చున్నాను. చెన్నైలో వెయ్యి దాటి ఉన్న మిల్లీబార్లు బెంగళూరు చేరేసరికి 910కి అటూ ఇటూ వచ్చాయి. 920 మీటర్ల ఎత్తు అది. మరి వాతావరణ పటం మీద బెంగళూరు ఏడాది పొడవునా అల్పపీడనంగా ఎందుకు కనిపించదు? కొలిచిన పీడనాన్ని సముద్రమట్టానికి సవరించి గాని సమభార రేఖలు (సమాన పీడనం ఉన్న చోట్లను కలిపే గీతలు) గీయరు. మాదిరి ప్రశ్నపత్రాల్లో నేను రెండు సార్లు తప్పు పెట్టింది ఇక్కడే.

ఇక పవనాలు. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుపాను వాన చెన్నైని ముంచెత్తినప్పుడు మాకు కరెంటు లేదు, ఫోనులో సిగ్నల్ లేదు. మెట్ల మీదకు నీళ్లు వస్తుంటే అందరం పై అంతస్తులో కూర్చున్నాం. మూడో తేదీ రాత్రి వరండాలో గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. బైస్ బాలట్ సూత్రం గుర్తుకొచ్చింది: ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమ చేతి వైపు ఉంటుంది. 1857 నాటి సూత్రం. నిలబడ్డాను. ఎడమ చేయి తూర్పుకు, సముద్రం వైపు చూపింది. తుపాను అక్కడే ఉంది. నాలుగో తేదీ సాయంత్రానికి గాలి పడమటి నుంచి వీచడం మొదలైంది. మళ్లీ వీపు పెట్టి నిలబడితే ఎడమ చేయి ఉత్తరానికి, నెల్లూరు దిక్కుకు తిరిగింది. అక్క తల్లి నెల్లూరులో ఒంటరిగా ఉంది. "మనల్ని దాటింది అక్కా, మీ వైపు వెళుతోంది" అని చెప్పడానికి గొంతు పెగల్లేదు, కానీ చెప్పాను. ఆమె పక్కవారి ఫోను నుంచి ప్రయత్నించి ప్రయత్నించి, రాత్రికి తల్లిని బంధువుల పక్కా ఇంటికి పంపగలిగింది. ఐదో తేదీ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది.

ఆ సూత్రం వెనుక ఉన్నది మూడు బలాలే. పీడన ప్రవణత (రెండు చోట్ల మధ్య పీడనంలో తేడా) బలం గాలిని అల్పపీడనం వైపు తోస్తుంది. భూభ్రమణం వల్ల కలిగే కోరియాలిస్ బలం మన అర్ధగోళంలో కుడికి మళ్లిస్తుంది. నేల దగ్గర ఘర్షణ వేగాన్ని తగ్గిస్తుంది, వేగం తగ్గితే కోరియాలిస్ బలమూ తగ్గుతుంది, అప్పుడు గాలి సమభార రేఖలను దాటి లోపలికి వంగుతుంది. అందుకే నేల మీద తుపాను కేంద్రం సరిగ్గా ఎడమన కాక కాస్త ముందుకు ఉంటుంది. భూమధ్యరేఖ మీద కోరియాలిస్ బలం సున్నా. అటూ ఇటూ ఐదు డిగ్రీల లోపు తుపానులు సాధారణంగా పుట్టకపోవడానికి కారణం అదే. ఈ మూడు బాణాలను కాగితం మీద చేత్తో పదిసార్లు గీయండి, కళ్లతో చదివితే సరిపోదు.

ఈశాన్య రుతుపవనాల గురించి ఒక్క మాట. చలికాలంలో ఆసియా భూభాగం చల్లబడి అధిక పీడనం ఏర్పడుతుంది, అక్కడి నుంచి వచ్చే గాలి పొడిగానే బయలుదేరుతుంది. బంగాళాఖాతం దాటేటప్పుడు ఆవిరి నింపుకుని కోరమాండల్ తీరానికి చేరుతుంది. చెన్నై ఏడాది వాన సుమారు 1,400 మిల్లీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడేది ఇందువల్లే. చినూక్, మిస్ట్రల్, సిరోకో లాంటి స్థానిక పవనాల పట్టిక మీద మాత్రం రోజులు పోగొట్టుకోవద్దు. ఒక కాగితం, ఒక రాత్రి చాలు.

2024 ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్ తెలుగులో రాశాను, తుది జాబితాలో పేరు రాలేదు. మళ్లీ రాస్తున్నాను, నోటుబుక్కు కొనసాగుతోంది. మీ ఊళ్లో సముద్రం లేకపోతే గడులు మార్చుకోండి. కర్నూలులోనో హైదరాబాదులోనో ఉంటే, ఏప్రిల్ సాయంత్రం ఈదురుగాలి వచ్చిన రోజు మొదటి చినుకుకు ముందు, తర్వాత ఉష్ణోగ్రత రాయండి. పది నిమిషాల్లో పడిపోయిన ఆ డిగ్రీలు చాలావరకు దారిలో ఆవిరైపోయిన చినుకులు గాలి నుంచి తీసుకున్న గుప్తోష్ణం. చల్లబడి బరువెక్కిన ఆ గాలే కిందికి దూకి, మీ వీధిలో దుమ్ము లేపుతుంది.