ఆ 58 మంది పిల్లలు

"ఏం కడతావు బంగారం?" అని అడిగితే, మా నాలుగేళ్లది చేతిలో చెక్క బ్లాకు పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. "బ్రిడ్జి" అంది.

ఇన్నాళ్లూ అడగాలనే తట్టలేదు నాకు. పొద్దున ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ పరిశోధన చదివాక తట్టింది.

1962లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ గురించి ఆ పరిశోధన. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మంది. 58 మందికే ఆ బడి, మిగతావాళ్లు పోలిక కోసం. అక్కడ పిల్లలు ఏం ఆడబోతున్నారో ముందు చెప్పాలి, ఆడాలి, తర్వాత ఏం చేశారో చెప్పుకోవాలి. వారానికోసారి టీచర్ ఇంటికొచ్చి తల్లితో, బిడ్డతో గంటన్నర గడిపేది.

వాళ్ల ఐక్యూ మొదట పెరిగింది. కొన్నేళ్లకే ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. అక్కడితో లెక్క ఆపేసి ఉంటే అంతా దండగనే అనుకునేవాళ్లు కదా! నాకు గుండె ఆగినంత పనైంది.

నలభయ్యో ఏట చూస్తే బడికెళ్లినవాళ్ల సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. పెట్టిన ఖర్చుకి ఏడాదికి 7 నుంచి 10 శాతం రాబడి అని హెక్‌మన్ బృందం తేల్చింది.

మార్కులు చూసి పథకాలు మూసేసేవాళ్లకి ఈ ఒక్క లెక్క చూపించాలనుంది.

బ్రిడ్జి రెండుసార్లు కూలింది. ఎలా కట్టిందో ఇప్పుడు నాకు చెబుతోంది.