నాలుగు రాగి వాషర్లు

మా డీజిల్ కారు లక్షా ముప్పై వేల కిలోమీటర్లు దాటాక, పొద్దున్నే స్టార్ట్ చేయగానే బోనెట్ కింద నుంచి "చుఫ్ చుఫ్" అని శబ్దం రావడం మొదలైంది. ఏసీ వేస్తే లోపలంతా పొగ వాసన. అమ్మకు ఆయాసం ఉంది. వెనక సీట్లో కూర్చుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. అది చూశాకే నాకు టెన్షన్ పట్టుకుంది.

పైకవర్ తీస్తే, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లలో రెండోదాని చుట్టూ తారులాంటి నల్లటి ముద్ద. ఇంజన్ పైభాగమైన హెడ్‌లో ఇంజెక్టర్ కూర్చునే చోట, అడుగున ఒక రాగి వాషర్ ఉంటుంది. సిలిండర్‌లో మండే గ్యాస్‌ను పైకి రాకుండా ఆపేది అదే. అక్కడ సందు పడితే గ్యాస్ తన్నుకొచ్చి, దాని మసి రాయిలా గట్టిపడుతుంది.

ఇంటి దగ్గరి మెకానిక్ గంటన్నరలో వాషర్ మార్చి ఇచ్చాడు. మూడు వారాలకే మళ్లీ అదే శబ్దం.

ఈసారి విజయవాడ ఆటోనగర్‌లో, డీజిల్ పని ఒక్కటే చేసే మేస్త్రిగారి దగ్గరికి వెళ్లాను. "వాషర్ కొత్తదేనండీ. అది కూర్చునే సీటు ఎవరైనా చూశారా?" అన్నారు. నాలుగు ఇంజెక్టర్లూ ఒకే వయసువి కాబట్టి నాలుగూ విప్పుదామన్నారు. ఆ సాయంత్రమే ఇంజెక్టర్ల చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ పోసి, రాత్రంతా నాననిచ్చారు. మర్నాడు పుల్లర్ అనే లాగే పనిముట్టు తగిలించి, దాని కడ్డీ మీద జారే బరువును మెల్లగా పైకి కొడుతూ ఒక్కొక్కటీ పైకి లాగారు. తీసిన వెంటనే నంబర్లు వేశారు. మా ఇంజన్‌లో ప్రతి ఇంజెక్టర్ కోడ్ ఈసీయూలో, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో, దాని సిలిండర్ పేరు మీదే ఉంటుంది, తారుమారు కాకూడదు. విప్పిన పైపులకు వెంటనే మూతలు పెట్టారు. వెయ్యి బార్లు దాటిన ప్రెషర్‌తో డీజిల్ వెళ్లే దారి అది, ఇసుక రేణువు పడినా డీజిల్ చిమ్మే కొన, నాజిల్, పాడవుతుంది.

రెండో ఇంజెక్టర్ తీసిన గుంతలో టార్చి వేసి చూపించారు. సీటు మీద పాత మసి పొర అలాగే ఉంది. ఆ గరుకు మీద ఏ వాషరూ సమంగా కూర్చోదు.

అసలు పని అక్కడే. మసి సిలిండర్‌లోకి జారకుండా అడుగు రంధ్రాన్ని గ్రీజుతో మూశారు. సీటును గీకి చదును చేసే కట్టర్‌కీ గ్రీజు పూసి చేత్తోనే తిప్పారు. రెండు మూడు చుట్లు తిప్పడం, తీసి తుడవడం, మళ్లీ టార్చి వేసి చూడడం. మెరిసే లోహం చుట్టూ ఒకేలా కనిపించేదాకా ఆపలేదు. ఒక్కో గుంతకు అరగంట పైనే పట్టింది. నేను పక్కనే నిలబడి చూశాను, ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు.

కొత్త వాషర్లు, ఇంజెక్టర్లను అదిమి పట్టే క్లాంపులకు కొత్త బోల్టులు వేసి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించారు. మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపుల రబ్బరు రింగులు కూడా గట్టిపడ్డాయని మార్చారు. డీజిల్ పైపుల్లో గాలి పట్టడం వల్ల నాలుగైదు సెల్ఫులకు గానీ ఇంజన్ అందుకోలేదు. అందుకున్నాక ఇంజెక్టర్ల చుట్టూ సబ్బునీళ్లు పోశారు. ఒక్క బుడగ కూడా రాలేదు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక నేనే మళ్లీ కవర్ తీసి సబ్బునీళ్లు పోసి చూసుకున్నాను. బుడగల్లేవు, మసి లేదు.