సగటు అద్దెకి ఇల్లు ఎవరిస్తారు? (నా అనుభవం)

ట్రాన్స్‌ఫర్ ఖాయమైంది, ఊరు మాత్రం మీరే తేల్చుకోండి అన్నారు ఆఫీసులో. వియన్నా, బెర్లిన్, సింగపూర్. మూడు వారాల టైమ్.

అందరూ చేసే పనే నేనూ చేశాను, బతకడానికి మంచి నగరాల జాబితా తెరిచాను. ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ లెక్కలో 2022 నుంచి 2024 దాకా వరసగా వియన్నాదే మొదటి స్థానం, 2025లో కోపెన్‌హాగెన్ దాన్ని దాటింది. ఇంకేముంది, తేలిపోయింది అనుకున్నా. రాత్రి కూర్చుని ఆ మార్కులు ఎలా వేస్తారో చదివితే స్థిరత్వం, వైద్యం, సంస్కృతి-పర్యావరణం, చదువు, మౌలిక సదుపాయాలు, ఈ ఐదే ఉన్నాయి. ఇంటి ఖర్చు అందులో లేనే లేదు!

సరే, ధర సంగతి చూద్దామని డెమోగ్రాఫియా నివేదిక పట్టుకున్నా. ఊళ్లో మధ్యస్థ ఇంటి ధరని మధ్యస్థ కుటుంబం ఏడాది ఆదాయంతో భాగిస్తారు, 3 లోపు వస్తే అందుబాటులో ఉన్నట్టు, 5 దాటితే చాలా కష్టం. 2024 నివేదికలో హాంకాంగ్ 16.7, సిడ్నీ 13.8. సింగపూర్ వాటికంటే చాలా కింద ఉంది. చూసి సంబరపడ్డాను గానీ ఎందుకు తక్కువో వెతికాక నీరుగారిపోయా. అక్కడ స్థానికుల్లో ఎక్కువమంది ఉండేది ప్రభుత్వ సంస్థ హెచ్‌డీబీ కట్టి 99 ఏళ్ల లీజుకిచ్చే ఫ్లాట్లలో, ఉద్యోగం పాస్ (పని వీసా) మీద వెళ్లే నాలాంటివాళ్లు అవి అద్దెకి తీసుకోవచ్చు గానీ కొనలేరు. అంటే ఆ అంకె వాళ్లది, నాది కాదు.

అక్కడే బల్బు వెలిగింది. వియన్నా కూడా అంతే కదా! 1920ల నుంచి కడుతూ వచ్చిన నగరపాలక ఇళ్లు, సబ్సిడీ ఇళ్లు, ఊళ్లో దాదాపు సగం జనం వాటిలోనే, అందుకే సగటు అద్దె అంత ముద్దుగా కనిపిస్తుంది. నగరపాలక ఇంటికి అప్లై చేయాలంటే ముందు వియన్నాలో రెండేళ్లు ఉండాలి, యూరప్ పౌరులు కాకపోతే దీర్ఘకాల నివాస అనుమతి కూడా కావాలి. బెర్లిన్ సగటులోనేమో ఎప్పుడో పాత ఒప్పందాలు రాసుకుని కదలకుండా కూర్చున్నవాళ్ల తక్కువ అద్దెలు కలిసిపోయి ఉంటాయి.

ఎక్సెల్‌లో సగటు అద్దె కాలమ్ తీసిపారేశా. దాని బదులు ఆ వారం పెట్టిన ప్రకటనలు, ఊరికి నలభై చొప్పున, చేత్తో ఎక్కించాను. విసుగు పుట్టే పనే, కానీ మొత్తం బొమ్మ మారిపోయింది. బెర్లిన్‌లో మొదట తప్పులో కాలేశా, ప్రకటనలో పైన ఉండేది 'చల్లని' అద్దె, హీటింగ్, నీళ్లు, చెత్త అన్నీ కలిపితే 'వెచ్చని' అద్దె. నేను చల్లనిదాన్ని సింగపూర్ అద్దె పక్కన పెట్టి రెండు రోజులు మురిసిపోయాను. పైగా అక్కడ చాలా ఇళ్లకి వంటగది కూడా మనమే బిగించుకోవాలి (సింకుతో సహా!), అడ్వాన్సు మూడు నెలల చల్లని అద్దె దాకా అడగొచ్చు. కాబట్టి నెల అద్దెతోపాటు మొదటి నెలలో చేతిలో ఎంత ఉండాలి అని ఇంకో కాలమ్.

జీవన నాణ్యత అనేదాన్ని నేను రెండు ప్రశ్నలకి కుదించేశా. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆ ఇంటి నుంచి ఆఫీసుకి ఎంతసేపు, రాత్రి పదింటికి ఒక్కదాన్నే భయం లేకుండా ఇంటికి రాగలనా. మ్యూజియాలు ఎన్నున్నాయో నాకనవసరం.

చివరికి వియన్నానే. అద్దెలో అది మొదటి స్థానం కాదు, ప్రయాణంలో గెలిచింది, అంతే.

వచ్చి ఏడు నెలలైంది. మెట్ల దగ్గర కలిసే పక్కింటి పెద్దావిడ మొన్న మాటల్లో తన అద్దె చెప్పారు. నాదాంట్లో మూడో వంతు, ఇల్లు నాకంటే ఒక గది పెద్దది.