కన్వర్టిబుల్‌ని ఎంత దించాలి? తిరుపతి రోడ్ల లెక్కలో లోయరింగ్ స్ప్రింగులు

ఫెండర్‌కీ టైరుకీ మధ్య నాలుగు వేళ్లు దూరుతున్నాయి, రెండు వేళ్లకి దించుదాం అని కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు ఆర్డర్ పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ గ్యాప్ ఫోటోకి పనికొస్తుంది, అంతే. చూడాల్సింది షాకప్ లోపలికి దిగి బంప్ స్టాప్‌కి (చివర్లో దెబ్బ ఆపే దిమ్మకి) తగిలేలోపు ఎంత ప్రయాణం మిగిలి ఉందన్నది.

కొలవడానికి ఒక నైలాన్ జిప్ టై చాలు. కారు జాకీ మీద ఉండగా షాకప్ డస్ట్ బూట్ పైకి జరిపి, రాడ్ మీద షాకప్ బాడీకి ఆనుకునేలా టై బిగించండి. వేలితో గట్టిగా తోస్తేనే కదలాలి. కారు దించి, రేణిగుంట వెళ్లి కరకంబాడి రోడ్డు మీదుగా ఒక చుట్టు తిరిగి రండి. కారు మళ్లీ సమనేల మీద నిలబడ్డాక, బాడీకీ టైకీ మధ్య ఉన్న దూరమే మీ రోడ్డు వాడుకున్న ప్రయాణం. టైకీ బంప్ స్టాప్ అంచుకీ మధ్య ఉన్నది మిగులు. తలకిందులుగా పెట్టిన మోనోట్యూబ్ షాకప్స్‌కి ఈ చిట్కా కుదరదు, వాటి రాడ్ బయటికి కనబడదు.

స్టాక్ కారులో బంప్ స్టాప్ దాకా 55 మి.మీ. ఉంది, ఒక గుంత అందులో 45 మి.మీ. వాడుకుంది అనుకుందాం. 30 మి.మీ. దించారంటే మిగిలేది 25. అదే గుంతని 25 మి.మీ.లో మింగాలంటే స్ప్రింగ్ ఒక్కటే మూడు రెట్లకు పైగా గట్టిగా ఉండాలి, ఎందుకంటే దెబ్బ శక్తి ప్రయాణం వర్గంతో పెరుగుతుంది. బజారులో దొరికే లోయరింగ్ స్ప్రింగులు మామూలుగా స్టాక్ కంటే 20 నుంచి 40 శాతం గట్టివి. మిగతా దెబ్బంతా బంప్ స్టాప్ మీద, అక్కడి నుంచి బాడీ మీద పడుతుంది. "స్ప్రింగులు మార్చాక కారు గట్టిగా అయింది" అని చాలామంది అనేది స్ప్రింగ్ గట్టితనం కాదు. కారు రోజంతా బంప్ స్టాప్ మీద కూర్చుని తిరుగుతోందన్నమాట.

కన్వర్టిబుల్‌లో ఈ దెబ్బ ఎక్కడ తేలుతుందో చూడాలంటే లోపలి అద్దం చూడండి. టాప్ తీసేసిన బాడీకి మెలికకి ఎదురు నిలిచే పైకప్పు లేదు. గతుకు మీద విండ్‌షీల్డ్ ఫ్రేమ్ వణుకుతుంది, అద్దంలో వెనక బండి రెండుగా కనబడుతుంది, టాప్ వేసి ఉంటే లాచ్ దగ్గర కిర్రుమంటుంది. గట్టి స్ప్రింగ్ ఈ వణుకుని పెంచుతుందే గానీ తగ్గించదు. అందుకే ఈ కార్లకి మొదట బాడీ మెలిక తగ్గించే కడ్డీలు (స్ట్రట్ బ్రేస్, అడుగున క్రాస్ బ్రేస్), తర్వాతే స్ప్రింగులు. మీ మోడల్‌కి కంపెనీయే అడుగు బ్రేసులు ఇచ్చి ఉంటే వాటి బోల్టులు టార్క్ రెంచ్‌తో ఒకసారి చూడండి. సగం కిర్రులు అక్కడే పోతాయి.

కూపే (పైకప్పు తెరుచుకోని మోడల్) స్ప్రింగులు కన్వర్టిబుల్‌కి వేయకండి, బయటికి ఒకేలా ఉన్నా సరే. టాప్ మోటార్లు, మడత మెకానిజం, అదనపు బలపు రేకులు కలిసి బరువు మారుతుంది, అందులో ఎక్కువ వెనక యాక్సిల్ మీదే. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి స్ప్రింగుల కంపెనీల కాగితాల్లో ప్రతి పార్ట్ నంబర్ పక్కన యాక్సిల్ లోడ్ పరిమితి రాసి ఉంటుంది. మీ కారు ప్లేట్ మీద ఉన్న ముందు, వెనక యాక్సిల్ లోడ్‌తో దాన్ని సరిపోల్చాకే డబ్బు కట్టండి. ఈ ఒక్కటి చూడకపోతే కారు ముక్కు ఎత్తుకుని, తోక దించుకుని నిలబడుతుంది.

స్ప్రింగ్ 30 శాతం గట్టిదైతే, ఊగిసలాట అదే తీరున అణగడానికి డ్యాంపింగ్ (షాకప్ ఊపుని అణిచే బలం) సుమారు 14 శాతం పెరగాలి. వర్గమూలం లెక్క. కొత్త స్టాక్ షాకప్స్ ఆ మాత్రం సర్దుకుంటాయేమో గానీ, 60 వేల కి.మీ. తిరిగినవి సర్దుకోవు. బిల్‌స్టీన్ కంపెనీ షాకప్స్‌లో బి6 స్టాక్ ఎత్తుకి, బి8 దించిన స్ప్రింగులకి. బి8 రాడ్ పొట్టి, అందుకే చక్రం గాలిలో వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులై సీటు తప్పదు. బి12 అంటే అదే బి8కి ఐబాక్ స్ప్రింగులు జత చేసిన కిట్. నా ఓటు దానికే. కాయిలోవర్లలో (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్, షాకప్ సెట్లలో) కేడబ్ల్యూ కంపెనీ వి3కి రీబౌండ్ (సాగేటప్పటి అణచివేత), కంప్రెషన్ (నొక్కుకునేటప్పటిది) రెండూ విడిగా తిప్పుకోవచ్చు కానీ, రోజువారీ కారులో వాటిని తిప్పేవాళ్లు నూటికి పది మంది ఉండరు. పైగా మన ఎర్రమట్టి దుమ్ము థ్రెడ్‌లో దూరిందంటే ఎత్తు మార్చే కాలర్ కదలదు. కారులో ఎలక్ట్రానిక్ షాకప్స్ ఉంటే వాటిని ఉంచి స్ప్రింగులు మాత్రం మార్చండి. తీసేశారంటే డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రర్ లైటు వెలుగుతూనే ఉంటుంది.

గ్రైండర్‌తో చుట్టు కోయించడం గురించి ఒక్క మాట. చుట్లు తగ్గితే స్ప్రింగ్ గట్టిపడేది కొంచెమే, ఎనిమిదిలో ఒకటి పోతే 14 శాతం. ఎత్తు మాత్రం చాలా పడిపోతుంది, పైగా కోసిన కొస సీటులో కూర్చోదు. వద్దు.

ఇక మన రోడ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కొలతల ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం. కన్వర్టిబుల్ బీఎండబ్ల్యూ జెడ్4 (జి29 తరం) వీల్‌బేస్, అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం, 2,470 మి.మీ. కారు నడుమ ఆ బ్రేకర్ మీదికి వచ్చినప్పుడు చక్రాల మధ్య వంపు లేచేది 45 మి.మీ. మాత్రమే. గ్రౌండ్ క్లియరెన్స్ 115 అనుకుని, 30 దించినా ఇంకా 40 మి.మీ. మిగులుతుంది. భయం లేదు. కానీ ఊళ్ల ముందు కంకర, సిమెంటు పోసి చేసే రెండడుగుల బ్రేకర్లు ఈ లెక్కలో లేవు. ఆరంగుళాల ఎత్తున్నది నిలబడిన స్టాక్ కారుకే అడుగు తగిలిస్తుంది. అడ్డంగా, ఒక్కో చక్రం ఎక్కిస్తే తప్పించుకోవచ్చు గానీ, కన్వర్టిబుల్ బాడీ మెలిక పడేది సరిగ్గా అప్పుడే. నడక వేగంతో, టాప్ పూర్తిగా వేసిగానీ పూర్తిగా తెరిచిగానీ దాటించండి, సగంలో ఆపి మాత్రం కాదు.

తిరుమల ఘాట్ కోసం గట్టి సెటప్ కావాలనేవాళ్లకి: ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే ముందు చేరితే జరిమానా. ఆ వేగంలో స్టాక్ స్ప్రింగ్ కూడా ఆవలిస్తుంది. దిగుడులో, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో, బ్రేక్ మీద కాలుండగా ముక్కు కిందికి వంగుతుంది. ముందు షాకప్స్‌కి మిగిలిన ప్రయాణం అక్కడే తరిగిపోతుంది. భాకరాపేట, మొగిలి ఘాట్లలోనూ ఇదే కథ. ఇవన్నీ కూడి నా అంచనా: తిరుపతిలో రోజూ వాడే కన్వర్టిబుల్‌కి 20 నుంచి 25 మి.మీ., ప్రోగ్రెసివ్ (నొక్కేకొద్దీ గట్టిపడే) స్ప్రింగ్, జత షాకప్స్. అంతకు మించి దించితే మెక్‌ఫర్సన్ సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) చక్రం వైపు పైకి లేస్తుంది, రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) కారు బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారుతుంది. కారు కిందికొచ్చింది, అయినా మలుపులో ఎక్కువ వాలుతోందేంటి అని తల గోక్కోవాల్సి వస్తుంది.

బిగించేటప్పుడు పాడయ్యేది ఎక్కువగా ఒకటే. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షుల బోల్టుల్ని కారు గాలిలో ఉండగానే పూర్తిగా బిగిస్తారు. కారు దించగానే బుష్ మెలి పడిపోయి ఉంటుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది, ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది. చక్రాలు నేల మీద ఉండగానో, నాలుగు చక్రాల ర్యాంప్ మీదో చివరి టార్క్ పెట్టించండి. స్ప్రింగ్ మీది అక్షరాలు నిటారుగా చదవడానికి వస్తే అది సరైన వైపు ఉన్నట్టు. స్ప్రింగ్ కంప్రెసర్‌కి ఇంపాక్ట్ గన్ వద్దు, చేతి పానా మాత్రమే. టాప్ మౌంట్లు, బంప్ స్టాప్‌లు, మాన్యువల్‌లో ఒకసారికే అని రాసిన బోల్టులు కొత్తవి తెప్పించి పెట్టుకోండి.

అలైన్‌మెంట్ అదే రోజు ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక సుమారు 800 కి.మీ.కి ఇంకోసారి. టైరు లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌నే (చక్రం నిలువు వాలుని) తిడతారు, చాలాసార్లు అసలు దొంగ టో (చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండటం). సగం ట్యాంకు పెట్రోలు, డ్రైవర్ సీట్లో మీ బరువు ఉండగా కొలిపించండి. హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా ముందూ వెనకా రాసుకోండి; ఎడమ, కుడి 5 మి.మీ. మించి తేడా వస్తే స్ప్రింగ్ సీటులో సరిగ్గా కూర్చోలేదు. హెడ్‌లైట్ లెవెల్ సెన్సర్ లింక్ కూడా మళ్లీ సెట్ చేయించాలి, లేకపోతే రాత్రి పూతలపట్టు దాటాక ఎదురొచ్చే లారీ డ్రైవర్లు డిప్పర్ కొడుతూనే ఉంటారు.